గ్లాసు అంచున ఉప్పుకారం

మొన్న ఆదివారం మా ఇంటికొచ్చిన అతిథి మీద నేను అరిచాను. అతను మా అమ్మాయి హారికతో పాటు ఆఫీసులో పనిచేసే కుర్రాడు, మంచివాడు, మా గడప తొక్కడం అదే మొదటిసారి. హారిక పొద్దుటి నుంచీ వంటింటిని ఆక్రమించుకుని, ఫోన్లో వీడియోలు ఆపుకుంటూ నడుపుకుంటూ, స్నేహితుల కోసం మాక్‌టెయిల్స్ చేసింది. మందు లేని మందు అన్నమాట. అడుగున దానిమ్మ గింజలు, మధ్యలో పుచ్చకాయ రసం, పైన సోడా, గ్లాసు అంచుకి ఉప్పు, ఆ అంచుకే గుచ్చిన నిమ్మచక్రం, పక్కన పుదీనా కొమ్మ. ఒక్కో గ్లాసుకి పది నిమిషాలు పట్టింది. ఆ కుర్రాడు గ్లాసు అందుకుని, పుదీనా కొమ్మని వేలితో పక్కకి తోసి, నిలబడే గటగటా ఒక్క గుక్కలో తాగేశాడు. "అలా తాగకూడదు! కూర్చో! కూర్చుని తాగు!" అని అరిచాను నేను. ఎంత గట్టిగా అరిచానో అందరూ నా వైపు తిరిగాక గానీ తెలియలేదు. హారిక మొహం మాడిపోయింది. ఆ కుర్రాడు ఖాళీ గ్లాసు పట్టుకుని, "సారీ ఆంటీ" అంటూ నిజంగానే కూర్చున్నాడు.

వాళ్ళంతా వెళ్ళాక హారిక నన్ను నిలదీసింది. "ఎండలో బండి మీద వచ్చాడు, దాహమేసింది, తాగాడు. నీకొచ్చిన బాధేంటమ్మా?" అంది. నిజమే, నాకొచ్చిన బాధేంటి? ఏదో గొణిగి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. అప్పట్నుంచీ నాకు కాలు నిలవడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడుసార్లు లేచాను. ఒకసారి స్టవ్ ఆపానో లేదో చూడ్డానికి, ఒకసారి ఊరికే, ఒకసారి వీధిలో బస్సు ఆగిన చప్పుడైతే. నాకు యాభై దగ్గర పడుతున్నాయి. ఇంకా బస్సు ఆగిన చప్పుడైతే లేచి నిలబడతానంటే నవ్వకండి. చిన్నప్పుడు మా ఇంట్లో బతుకంతా బస్సు చప్పుడు మీదే నడిచింది.

మాది గోదావరి వైపు. నాన్నకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగమొస్తే, నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో కూర్మన్నపాలెం దగ్గర క్వార్టర్లకి వచ్చేశాం. నాన్న పని కొలిమి దగ్గర. ఆ వేడి గురించి ఆయన ఎప్పుడూ చెప్పేవాడు కాదు గానీ, ఆయన చొక్కాల వీపు మీద చెమట ఆరి ఉప్పు చారలు కట్టేది, అమ్మ వాటిని విడిగా నానబెట్టేది. వారం ఉదయం షిఫ్టు, వారం మధ్యాహ్నం షిఫ్టు, వారం రాత్రి షిఫ్టు. దాంతో మా ఇంట్లో దేనికీ వేళ ఉండేది కాదు. ఊరందరికీ పొద్దున ఇడ్లీ అయితే, రాత్రి షిఫ్టు వారంలో మాకు పొద్దున్నే పప్పూ అన్నమూ. పగలు నాన్న పడుకుంటే తలుపులేసుకుని గుసగుసల్లో పోట్లాడుకునేవాళ్ళం. నిద్రపోతున్న మనిషి కూడా మంచం మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉండేవాడు. ఆ అస్తిమితం నాకూ అంటింది, ఎక్కడికి పోతుంది!

నాన్న తాగేవాడు. ఈ వాక్యం రాసి కాసేపు కిటికీ దగ్గరికి వెళ్ళొచ్చాను. గొడవపడే తాగుడు కాదు, కొట్టే తాగుడు అంతకన్నా కాదు. షిఫ్టు దిగగానే జంక్షన్లో వైన్ షాపు వెనక షెడ్డులో ఇద్దరు ముగ్గురితో కూర్చుని, తాగి, తలొంచుకుని ఇంటికొచ్చి పడుకునేవాడు. వీధిలో ఎవరికీ తెలియదు. ఒకరోజు డ్యూటీకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే వెనక్కి వచ్చాడు. పైఅధికారి వాసన పసిగట్టి, ఈ స్థితిలో కొలిమి దగ్గరికి పంపనన్నాడట. ఇంకోసారి ఇలా వస్తే రాతపూర్వకంగా పైకి ఫిర్యాదు పంపుతానన్నాడట. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "కొలిమి ముందు తూలితే మాకు నీ బూడిద కూడా దొరకదు" అంది. ఆ రోజే మానేస్తానన్నాడు నాన్న.

అనడం తేలికే. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మొదటి గంట చూడాలి ఆయన్ని. అమ్మ నిమ్మరసం ఇస్తే నిలబడే గుక్కలో తాగేసి, వరండాలోకి వెళ్ళి, లోపలికొచ్చి, చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకునేవాడు. మజ్జిగ ఇచ్చినా అంతే, టీ ఇచ్చినా అంతే. గొంతు తడిసేది, మనిషి కుదురుకునేవాడు కాదు. నాకూ తమ్ముడికీ ఆ చెప్పుల చప్పుడంటే గుండె దడ.

దానికి మందు చెప్పింది నూకాలమ్మ. జాలరిపేట నుంచి వారానికి రెండుసార్లు బస్సెక్కి మా క్వార్టర్లకి చేపలు తెచ్చేది. పెద్ద గొంతు, ఎవరింటి గుట్టయినా మొహం చూసి చెప్పేసే రకం. అమ్మ ఆవిడ దగ్గర దాచలేకపోయింది. నూకాలమ్మ కత్తిపీట మీద వంజరం ముక్కలు కోస్తూ అంది: "మా ఓడూ అంతేనమ్మా. సముద్రం మీదున్నంతసేపూ సుక్క ముట్టుకోడు. ఒడ్డుకి కాలెట్టినాడా, ఇంకంతే. నాను సూసి సూసి ఏటి సేసినానంటే, పడవ దిగీసరికి సిరిగిన వల తెచ్చి ఒళ్ళో పడీసినాను. బాగు సేసినంతసేపూ అడగడు. దాహం గొంతుకి కాదమ్మా, సేతులకి. పనైపోయినాక సేతులు కాళీగుంటాయి సూడు, ఆటికి."

అమ్మ ఆ మాట పట్టుకుంది. మా ఇంట్లో వలల్లేవు. సేఫ్టీ వారోత్సవాల్లో నాన్నకి బహుమతిగా వచ్చిన పొడుగాటి గాజు గ్లాసులు ఆరు ఉండేవి, అప్పటికి రెండు పగిలి నాలుగు మిగిలాయి. వాటిని అటక మీంచి దించింది. షెడ్డులో కూర్చున్నప్పుడు నాన్న ఏం చేసేవాడో అడిగి తెలుసుకుంది. వేరుసెనక్కాయలు ఒలిచేవాళ్ళం, మామిడికాయ ముక్క ఉప్పుకారంలో అద్దుకునేవాళ్ళం, నిమ్మకాయ పిండుకునేవాళ్ళం అన్నాడు సిగ్గుపడుతూ. అయితే అవన్నీ ఇక్కడే చేసుకో అంది. అలా మొదలైంది. హారిక దాన్ని గార్నిష్ అంటుంది, అమ్మ "గ్లాసుకి సింగారం" అనేది.

పళ్ళెం సిద్ధం చెయ్యడం నా పని. షిఫ్టు బస్సు వచ్చే వేళకి అన్నీ తరిగి ఉండాలి. సన్నటి చక్రాల్లా తరిగిన నిమ్మకాయ, పొడుగ్గా చీల్చిన కీరదోస, పుదీనా రెమ్మలు, నానిన సబ్జా గింజలు, ఒక సాసరులో ఉప్పూ కారం కలిపిన పొడి. వీటితో పాటు ఆ ఋతువుకి ఏం దొరికితే అది. అనాసపండు ముక్కలు, పచ్చిమామిడి బద్దలు, ఎండాకాలంలో తాటిముంజెలు. జీడిమామిడి పండ్లు వచ్చే రోజుల్లో ఇల్లంతా ఆ వగరు వాసనే, నా వేళ్ళకి సబ్బు రాసినా పోయేది కాదు. సుగంధిపాల వేళ్ళతో కాచిన నన్నారి సిరప్ ఒక సీసా, గోళీసోడా రెండు. నేను తరగడం వరకే, పేర్చడం నాన్న వంతు. గ్లాసు అంచుకి నిమ్మచెక్క రుద్ది, బోర్లించి ఉప్పుకారంలో అద్ది, అంచు చుట్టూ సమంగా అంటిందో లేదో వెలుతురుకి పట్టి చూసేవాడు. సమంగా లేకపోతే కడిగి మళ్ళీ మొదలు. పుదీనా రెమ్మని అరచేతుల మధ్య ఒక్క చరుపు చరిచేవాడు, అప్పుడు గాని వాసన రాదు. నిమ్మచక్రానికి గాటు పెట్టి అంచున కూర్చోబెట్టేవాడు. మామిడి బద్దని దాని పక్కన నిలబెట్టేవాడు, పడిపోతే మళ్ళీ నిలబెట్టేవాడు. అంతా అయ్యాక ఒక్కొక్క గుక్కే, అంచు తిప్పుకుంటూ. షిఫ్టుని బట్టి ఆ గ్లాసు వేళ మారేది. లోకమంతా కాఫీ తాగే పొద్దుటి ఆరున్నరకి కూడా మా నాన్న నన్నారి సోడాకి నిమ్మకాయ గుచ్చుకుంటూ కూర్చోవడం నాకు బాగా గుర్తు. నాకది వట్టి గారాబంలా కనిపించేది. పెద్దమనిషికి ఈ బొమ్మలాటేమిటి, దానికి నా చదువు వేళ ఎందుకు పాడవ్వాలి అని లోలోపల సణుక్కునేదాన్ని. అమ్మ నాకు విడమరిచి చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాన్న వరండాలో కూర్చునేవాడు, లోపల ఉక్క. నన్నారిలో సోడా పోస్తే ఏ రంగొస్తుందో తెలుసు కదా. ఎర్రటి గోధుమ రంగు, పైన నురుగు, అంచుకి నిమ్మకాయ, పక్కన మామిడి ముక్క, ఉప్పుకారం. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? నాన్న రోజూ తాగినన్నాళ్ళూ పరువుగల మనిషి. మానేసి ఇంటిపట్టున కూర్చున్నాక తాగుబోతని పేరొచ్చింది! ఎదురు క్వార్టర్ రాజ్యలక్ష్మిగారు, కృష్ణా జిల్లా నుంచి వచ్చినావిడ, నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని, వాళ్ళ వరండా తెర సగం దించడం మొదలుపెట్టింది. వాళ్ళ శైలజ నా క్లాసే. ఒకరోజు ప్రార్థన లైన్లో నా వెనక నిలబడి, పక్కపిల్లకి వినపడేలా, "వీళ్ళ నాన్న పట్టపగలే వరండాలో మందు కొడతాడు, పొద్దున్నే లేచి కూడా. గ్లాసుకి నిమ్మకాయ కూడా పెట్టుకుంటాడు" అంది. ఇద్దరూ కిసుక్కున నవ్వారు. నాకు పదమూడేళ్ళు. నేల చీలితే దూరిపోదామనిపించింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కాదంటే, మరి అదేంటి అంటారు. అది మానేసినవాళ్ళు తాగేది అనాలి. మానేశాడంటే ముందు తాగేవాడని తేలిపోతుంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం అమ్మ జ్వరమొచ్చిన తమ్ముణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నేను ఒంటిపూట బడి నుంచి వచ్చాను, కాసేపటికి ఉదయం షిఫ్టు బస్సు ఆగింది. పళ్ళెం సిద్ధం చెయ్యలేదు. గాజు గ్లాసు తియ్యలేదు. స్టీలు గ్లాసులో నిమ్మరసం కలిపి, చక్కెర తిప్పి, నాన్న మెట్లెక్కుతుండగానే చేతిలో పెట్టాను. ఆయన గ్లాసులోకి చూశాడు, నా చేతుల వైపు చూశాడు. నిలబడే ఒక్క గుక్కలో తాగేశాడు.

"పళ్ళెమేదమ్మా?" అన్నాడు.

"లేదు. అందరూ నువ్వు మందు తాగుతున్నావనుకుంటున్నారు నాన్నా. బళ్ళో నవ్వుతున్నారు. నాకు సిగ్గేస్తోంది. ఇంక వరండాలో ఆ గ్లాసు వద్దు."

"సరేనమ్మా" అన్నాడు. అంతే. కోపం లేదు. గ్లాసు గట్టు మీద పెట్టాడు. ఖాళీ చేతులు రెండూ ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. లోపలికి వెళ్ళి వచ్చాడు. చెప్పులు వేసుకున్నాడు, విప్పలేదు. జంక్షన్ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను, పిలవలేదు. పిలిచి ఉండాల్సింది. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు పిలిచానో ఆ వీధి మొదట్లో నిలబడి, మనసులో.

అమ్మ ఇంకో పావుగంటకి వచ్చింది. గట్టు మీద స్టీలు గ్లాసు చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. "ఎంతసేపైంది?" అని మాత్రం అడిగి, తమ్ముణ్ణి చంకనేసుకుని, నన్ను చెయ్యి పట్టి లాక్కుంటూ బయల్దేరింది. దారిలో ఖాళీ బుట్టతో బస్సు కోసం నడుస్తున్న నూకాలమ్మ ఎదురైంది. "ఏటైనాదమ్మా, మీ ఆయన అలగ ఎలిపోతన్నాడు? ఆ కొట్టుకాడ సూసినాను. పిలిస్తే పలకలేదు, మొకం అదోలాగున్నాది" అంది. మేము వెళ్ళేసరికి నాన్న షెడ్డు లోపల బల్ల మీద ఉన్నాడు. ఆయన ముందు గ్లాసు అప్పటికే ఖాళీ. అమ్మ గుమ్మం దాటలేదు. "ఇంటికి రండి" అంది. చెప్పిన మాట వినే పిల్లాడిలా లేచి వచ్చాడు. నడుస్తున్నంతసేపూ నా పక్క చూడలేదు. నాకు ఆ వాసన తెలిసింది.

ఇంట్లో అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతూ, "ఆ గ్లాసు ఆయనకి రుచి కోసం కాదే పద్దూ. ఆ పావుగంట గడవడం కోసం. పావుగంట చేతులకి పనుంటే ఆ పూట గండం గడిచినట్టే. నీకు ముందే చెప్పాల్సింది, పిల్లవి కదా అని చెప్పలేదు, తప్పు నాది" అంది. నేను ఏడ్చాను. ఏడుపు అయ్యేదాకా ఆగి అమ్మ మళ్ళీ అంది: "రేపు మాత్రం గ్లాసు నువ్వే పెట్టాలి. నేను పెడితే తీసుకోడు. నువ్వు వద్దన్నావు, నువ్వే రమ్మనాలి."

మర్నాడు బడికి వెళ్ళలేదు. నిమ్మకాయ తరుగుతుంటే చక్రాలు ఒకవైపు లావు, ఒకవైపు సన్నం అయ్యాయి. పళ్ళెం వరండా మెట్టు మీదే పెట్టాను, వీధంతా కనపడేలా. నాలుగు గాజు గ్లాసులూ పెట్టాను. బస్సు ఆగింది. నాన్న వీధి మొదట్లోకి వచ్చి, పళ్ళేన్నీ నన్నూ చూసి, అక్కడే ఆగిపోయాడు. ఇటు రాడు, అటు పోడు. గ్లాసు అంచుకి నిమ్మచెక్క రుద్దడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఎదురు వరండాలో తెర పక్కకి జరిగింది.

"ఏమ్మా పద్మా, నాలుగు గ్లాసులు పెట్టావు, ఇవాళ ఇంటిల్లిపాదికీ కలుపుతున్నావా మందు?" అంది రాజ్యలక్ష్మి పిన్నిగారు.

నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. "అవును పిన్నిగారూ! మీకూ ఒకటి కలపమంటారా?" అన్నాను, వీధి చివరిదాకా వినపడేలా.

నాన్న నవ్వాడు. నిజంగా నవ్వాడు. గబగబా వచ్చి మెట్టు మీద కూర్చుని, నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, "అంచు తడి చాలదమ్మా, ఇలా రుద్దాలి" అని చూపించాడు. గ్లాసు బోర్లించి అద్దాడు. ఉప్పుకారం సగం మెట్టు మీద రాలింది. రెండోసారి అద్దాడు, మూడోసారి అద్దాడు. అప్పుడు తలెత్తి ఎదురింటి వైపు చూశాడు. అమ్మ లోపల్నుంచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చెల్లెమ్మా, ఇది మందు కాదు, నన్నారి సోడా. మా అమ్మాయి అబద్ధమాడింది" అన్నాడు నాన్న. "మందు నిన్న తాగాను, జంక్షన్లో. అంతకు ముందు నాలుగు నెలలు తాగలేదు. దానికి ముందు ఏళ్ళ తరబడి రోజూ తాగాను, మీకెవరికీ తెలియదు. ఇది తాగేది, అది తాగకుండా ఉండటానికి."

వీధిలో సైకిలు తొక్కుతున్న పిల్లలు కూడా ఆగారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. శైలజ వాళ్ళమ్మ భుజం పక్కనుంచి తొంగి చూస్తోంది. పిన్నిగారు తెర పూర్తిగా పక్కకి లాగింది. తర్వాత చెప్పుల్లేకుండానే వీధి దాటి వచ్చి, మా మెట్టు మీద చివరగా కూర్చుని, "నాకు కారం తక్కువ వెయ్యండి అన్నయ్యగారూ" అంది.

ఇదంతా నిన్న హారికకి చెప్పాను. అది గ్లాసులు సర్దుతున్నదల్లా ఆగిపోయింది. దాని సింగారం వేరు. అది గ్లాసుకి ముస్తాబు చేసేది నలుగురూ చూడ్డానికి, ఫొటో తియ్యడానికి. ఫొటో అయ్యాక ఎలా తాగినా దానికి పట్టింపు లేదు, అందులో తప్పూ లేదు. మా గ్లాసు ఎవరి కంటా పడకూడదని నేను కోరుకున్నది. దానిది అందంగా ఉంటుంది, నాన్నది ఎప్పుడూ వంకరగానే ఉండేది. "తాతయ్య తాగేవాడా?" అంది చివరికి, నమ్మలేనట్టు. దానికి తెలిసిన తాతయ్య కాఫీ కూడా రెండోసారి అడగని మనిషి. "ఆ తర్వాత మళ్ళీ తాగలేదు కదా?" అంది.

లేదు అని చెప్పాలనిపించింది, నిజమే చెప్పాను. తాగాడు. మూడుసార్లు వెళ్ళాడు ఆ షెడ్డుకి. వెళ్ళిన ప్రతిసారీ మర్నాడు వరండాలో కూర్చుని గ్లాసు అంచుకి నిమ్మచెక్క రుద్దుతూ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, నిన్న తాగానండీ అని చెప్పాడు. నాలుగోసారి చెప్పాల్సిన పని పడలేదు. ఎవరి పెళ్ళిలోనైనా, ఎవరి రిటైర్మెంటు విందులోనైనా ఎవరో గ్లాసు చేతికివ్వబోతే, నాకలవాటుండేది, మానేశాను అని మామూలు గొంతుతో చెప్పేవాడు. నేను పక్కనుంటే అటు తిరిగి ఎవరితోనో మాట్లాడేదాన్ని. మా ఆయనకి చెప్పలేదు, అత్తవారింట్లో ఎవరికీ చెప్పలేదు. నాన్న వీధి వీధంతటికీ ఒక్క పూటలో చెప్పేసిన మాట, నా కన్నకూతురికి నేను చెప్పడానికి ఆయన పోయాక ఆరేళ్ళు పట్టింది.